చెడిన భాగం

నా దుకాణం రసీదు పుస్తకంలో నాలుగు గళ్ళు:
పేరు, తేదీ, చెడిన భాగం, ఎంత.
తుగుల్దుర్ పేరు పక్కన మూడో గడి
మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను.

మొదట డిసెంబర్లో వచ్చాడు,
కంప్యూటర్‌ని గొర్రెతోలు దుప్పట్లో చుట్టి
పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, రెండు బస్సులు మారి.
"మామూలుగా బాగానే ఉంటుందక్కా,
పెద్ద యుద్ధం మొదలయ్యాకే బిగుసుకుపోతుంది.
మీట నొక్కితే పలకదు. శబ్దం ఒకే అక్షరం మీద ఆగి
ర్ ర్ ర్ అంటుంది.
మా జట్టువాళ్ళ తిట్లు మాత్రం
ఫోన్లో శుభ్రంగా వినిపిస్తాయి."

వెంటనే స్విచ్ వెయ్యలేదు.
బయట సున్నాకి ముప్పై కింద.
అంత చలిలోంచి వచ్చిన లోహానికి
వెచ్చటి గదిలో చెమట పడుతుంది.
మూడు గంటలు కూర్చోబెట్టాను, దాన్నీ వాణ్ణీ.
ఉప్పేసిన పాలటీ తాగుతూ
గోడ మీది ధరల పట్టీ రెండుసార్లు చదివాడు.

మూత తీస్తే లోపల ఉలాన్‌బాతర్ చలికాలమంతా ఉంది:
బొగ్గు మసి, ఉన్ని పోగులు,
ఫ్యాన్ రెక్కకి చుట్టుకున్న పొడుగాటి వెంట్రుక.
"మా అక్కది," అన్నాడు, చెవులు ఎర్రబడి.
ప్రాసెసర్ మీది పేస్ట్ ఎండిన పెరుగుబిళ్ళలా
పెళ్ళలు లేచింది.
దొరికాడు దొంగ, అనుకున్నాను.
రాశాను: పేస్ట్.

వారానికి మళ్ళీ వచ్చాడు.
మెమరీ పలకలు ఒకటి తీసి ఒకటి పెట్టి
రాత్రంతా పరీక్ష నడిపాను. ఒక్క తప్పు లేదు.
అయినా ఒకటి మార్చాను.
అనుమానం ఉత్తచేతులతో వెళ్ళదు కదా.

మూడోసారి పవర్ సప్లై.
నా బల్ల మీద ఆరు గంటలు
నెత్తిన బండ పెట్టినట్టు పరిగెత్తించినా
చెక్కు చెదరలేదు.
ఇంటికెళ్తే ఐదు నిమిషాలు.

"ఎన్నింటికి ఆడతావు?"
"తొమ్మిది దాటాక."
"పగలు ఆడితే?"
"పగలెప్పుడూ ఆగలేదు."
మూడు రాకల్లో నేనడగని ప్రశ్న అది.
పుండొకచోట, మందొకచోట.

శనివారం మీటరు చేతితొడుగులో దాచుకుని
కొండవాలు మీద చివరి స్టాపులో దిగాను.
చెక్క దడి లోపల మూడు ఉన్ని గుడారాలు,
మూడింటికీ ఒకటే తీగ.
ప్లగ్గులో ముళ్ళు గుచ్చి కూర్చున్నాం.
ఎనిమిదిన్నర: రెండొందల పద్నాలుగు.
తొమ్మిదికి రాత్రి కరెంటు చవకవుతుంది.
వాలు వాలంతా హీటర్లు ఒక్కసారే ఊపిరి పీల్చాయి.
నూటతొంభై. నూటఎనభై.
బల్బుకి నిద్రొచ్చింది.
తెర మీద యుద్ధం.
నూటఅరవై మూడు.
కత్తి ఎత్తిన వీరుడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

"పక్కింటి దాష్‌జెవెగ్ కెటిల్," అన్నాడు తుగుల్దుర్.
"ఆ పిల్లాడి పెట్టె," అన్నాడు దాష్‌జెవెగ్.
రెండు నెలలుగా వాళ్ళకి మాటల్లేవు.

టార్చి పట్టుకుని బయటికొచ్చాను.
ముంగిట్లో మోకాలి లోతు మంచు,
దాని మీద స్తంభం నుంచి గుమ్మందాకా
సన్నగా ఒక గీత:
ఎవరూ నడవకుండానే కరిగిన దారి.
మూడిళ్ళకీ అందని వేడి
నేలలో పడి పోతోంది.

తవ్వితే అతుకు బయటపడింది.
రాగినీ అల్యూమినియాన్నీ మెలేసి
పైన సాక్సు ముక్క చుట్టారెవరో.
దాష్‌జెవెగ్ అటు తిరిగి దగ్గాడు.

మెయిన్ తీసేశాం. మూడు గుడారాలూ చీకటి.
తొడుగు విప్పి పది లెక్కపెట్టడం, వేళ్ళు చంకలో దాచుకోవడం,
మళ్ళీ విప్పడం.
వైరు నాది. టార్చి పట్టుకున్నది దాష్‌జెవెగ్,
తిడుతూనే, చెయ్యి వణక్కుండా.

రెండొందల ఎనిమిది.
ఈసారి యుద్ధం ఆగలేదు.
నాలుగు నిమిషాల్లో తుగుల్దుర్ చచ్చిపోయాడు.
తెరవైపు చూసి, నావైపు చూసి,
"ఇప్పుడు తప్పు నాదేనన్నమాట," అని
పగలబడి నవ్వాడు.

ఆఖరి బస్సులో పుస్తకం తెరిచాను.
పేస్ట్ డబ్బులు, మెమరీ డబ్బులు, పవర్ సప్లై డబ్బులు
వాడికి తిరిగివ్వాలి.
మూడో గడిలో మిగిలిన కాస్త చోట్లో
తిమ్మిరి వేళ్ళతో రాశాను:
ముంగిలి.