లోపం కనబడలేదు

వాంటాలో ఈ రాత్రి మైనస్ ఇరవై రెండు.
బయట మంచు తవ్వే బండ్లు అరుస్తున్నాయి.
షెడ్డులో మాత్రం, ఆ తెల్లటి డబ్బా లోపల,
ఎవరో మధ్యాహ్నపు ఎండలో దిగుతున్నారు
ఒక్క చీమ కూడా నడవని రన్‌వే మీద.

నేను కింద ఉంటాను, పసుపు గీతకి ఇవతల,
కాఫీ ఫ్లాస్కు పక్కన పెట్టుకుని.
ఇరవై ఆరేళ్లయింది. పైలట్ల మొహాలు నాకంతగా గుర్తుండవు.
ఆరు ఇనుప కాళ్లు గుర్తుంటాయి.
అవి మడుస్తూ చాస్తూ ముక్కుతూ ఆ డబ్బాని మోస్తుంటే
పైన ఎవరున్నారో చెప్పేస్తాను.
సోర్సా దింపితే కాళ్లు ఒక్కసారి నిట్టూరుస్తాయి, అంతే.
తుర్కు నుంచి వచ్చే పొడుగాయన దింపితే
నేల నా బూట్లలోకి తిడుతుంది.

ఈ వారం ఒక కొత్త నడక.
నేల వదిలే వేళకి ఎడమ ఇంజన్ ఆగిపోతుంది.
ఆపేది ఇన్‌స్ట్రక్టర్ వేలు. అందరికీ తెలుసు,
గుండెకి తప్ప.
డబ్బా ఎడమకి ఒరుగుతుంది.
ఒక్క క్షణం ఎవరూ ఏమీ చెయ్యరు,
ఆ తర్వాత అన్నీ ఒకేసారి చేస్తారు.
అప్పుడే పుట్టిన దూడలా
ఆరు కాళ్లూ ఆరు వైపులా తడబడతాయి.
మళ్లీ మొదటినుంచి. మళ్లీ ఎడమకే.
సోమవారం నాలుగుసార్లు. మంగళవారం ఆరు.

పన్నెండింటికి వంతెన దిగింది.
ముగ్గురు బయటికొచ్చారు. ఇద్దరు చేపల వల గురించి మాట్లాడుకుంటున్నారు.
మూడో అమ్మాయికి కోటు జిప్పు పట్టుబడటం లేదు.

లాగ్‌బుక్ తెరిచాను.
'కుడివైపు తెర మీద స్టాక్‌హోమ్ ఆకుపచ్చగా ఉంది.'
'కెప్టెన్ సీటు కింద ఎవరిదో చూయింగ్ గమ్.'
ఆ కింద గుండ్రటి, బడిపిల్ల రాత:
'కుడి పెడల్ బిగుసుకుంటోంది. తైమి కైపైనెన్.'

కాళ్లకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని,
టార్చి పళ్లతో పట్టుకుని
తలకిందులుగా పెడళ్ల దగ్గరికి దూరాను.
త్రాసు తగిలించి తోయించాను. గీత గీయించాను.
రెండు ఎర్ర గీతల నడుమ పక్క వేసుకుని
హాయిగా పడుకుంది ఆ గీత.
మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అదే నిద్ర.
రాలిన మర లేదు, రొట్టెముక్క లేదు.
ఆమె సీట్లో కూర్చుని నా పాదం పెట్టి తొక్కాను,
వెన్నలా వెళ్లింది.

ఇలాంటప్పటికి మా దగ్గర ఒక రబ్బరు ముద్ర ఉంది:
'లోపం కనబడలేదు.'
వెయ్యిసార్లు కొట్టుంటాను, చెయ్యి వణక్కుండా.
తుర్కు ఆయనకైతే కాస్త గట్టిగానే కొట్టాను.
ఈ రాత్రి సిరా అద్దాక ఆగిపోయాను.
పొద్దున్నే ఆ పిల్ల వచ్చి
మొదట చదివేది ఈ పేజీయే.
పెడల్‌లో లేకపోతే మరెక్కడున్నట్టు?
ఆ లెక్క తనకీ వచ్చు.

అబద్ధం రాయలేను. ఈ పుస్తకంలో అబద్ధం రాస్తే
ఎప్పుడో ఎక్కడో నిజం విమానం చదువుకుంటుంది.
నాకు పని నేర్పిన ఓలవి అయితే,
నూనెని వేలితో నాకి వయసు చెప్పే ఆ మనిషి,
ఏం చేసేవాడో తెలియదు. అడుగుదామంటే
ఇప్పుడాయనకి నా పేరే గుర్తులేదు.

గ్రీజు డబ్బా తెచ్చాను.
ఆ కీలుకి గడువు మార్చిలో. ఇంకా ఏడు వారాలుంది.
పాత జిడ్డు గుడ్డతో తుడిచి, కొత్తది పూసి,
ఇరవైసార్లు అటూ ఇటూ ఆడించి
అప్పుడు రాశాను:
'కొలతలు సరిగా ఉన్నాయి. కుడి పెడల్ కీలుకి గ్రీజు పెట్టాను.'
ప్రతి మాటా నిజం.
ముద్ర మీద సిరా ఆరిపోయింది.

మర్నాడు రాత్రి
డబ్బా ఎడమకి ఒరిగింది.
నేను కప్పు పెదవిదాకా తెచ్చి అలాగే ఉన్నాను.
ఒరిగి, ఆగి, లోపల ఎవరో దమ్ము కూడగట్టుకున్నట్టు,
మెల్లగా కుడికి తేరుకుంది.
కాళ్లు ఇంకా కొంచెం తొణికాయి.

పైన ఉన్నది ఆ పిల్లేనా? షెడ్యూలు చూడలేదు.
చూద్దామనుకునేలోపు
మూడో కాలు దగ్గర పళ్లెంలో
టప్పున నూనె బొట్టు పడింది.
గుడ్డ వెతుక్కుంటూ లేచాను.