పొగ పెట్టే పని

ఎనిమిదింటికి తాళం తీసి
బీతాగ్ వంగుతుంది.
వంగకపోతే ఆ ద్వారబంధం ఎంతటివాళ్ళనీ ఊరుకోదు.
ఆరు గడ్డికప్పుల ఇళ్ళు, ఒక కొట్టం, ఒక వాగు,
ఆఖ్‌నగావ్ అంటే అంతే.

వంటకి కాదు, చలికీ కాదు,
గది నడుమ నేలమీద పీట్ గడ్డలు పేర్చి నిప్పు రాజేస్తుంది.
పొగ తగలకపోతే కప్పు చెమ్మగిల్లుతుంది,
వాసాల్లో పురుగు చేరుతుంది.
ట్రస్టువాళ్ళు జీతమిచ్చేది అందుకే:
మనుషుల్లేని ఇంటికి పొగ పెట్టడానికి.

కొండకవతలి ఊరికీ ఒకప్పుడు పొగ పెట్టారు,
దొరగారి గుమాస్తా, నలుగురు పోలీసులు,
గొర్రెలకి చోటు చాలలేదని.
అక్కడిప్పుడు దురదగొండి మొక్కలు మొలిచిన చోటల్లా
ఒక ఇల్లనుకోవాలి.
ఇది బోర్డు మీద లేదు.

బోర్డు మీద ఉన్నది: పెట్టె మంచం, ఇద్దరికి.
ఐదుగురం పడుకునేవాళ్ళమని నాయనమ్మ చెప్పింది,
మార్చిలో అయితే కాళ్ళ దగ్గర గొర్రెపిల్ల కూడా.
తడిక అవతల ఆవు.
అది నెమరేయడం ఆపితే
తాతకి మెలకువ వచ్చేసేదట.

మధ్యాహ్నం వాన. గ్లాస్గో నుంచి బడిపిల్లల బస్సు.
పాత టోపీలో ఆరు చెక్కముక్కలు వేసి చాపింది బీతాగ్,
ఒక్కోదానికి ఒక్కో గాటు గుర్తు.
మంచి మడి ఒకే ఇంటికి అతుక్కుపోకుండా
ఏటా ఇలాగే చీట్లు తీసి పంచుకునేవాళ్ళర్రా, అంది.
తీశారు, చూశారు, తిరిగి వేసేశారు.
డూగల్ అనే ఒక్కడు మాత్రం
మూడు గాట్ల ముక్క పిడికిట్లో పట్టుకుని,
'మరి నా పొలమేది?' అన్నాడు.

పదకొండేళ్ళలో ఎవరూ అడగలేదు.

బూట్లు వేసుకుంది. వానలోకి నడిచింది.
వాడు వెనకాల, టీచరమ్మ కేక వాడి వెనకాల.
వాలు మీద గడ్డి కింద ఇంకా ఉన్నాయి గట్లు,
బక్కచిక్కిన ఎద్దు డొక్కల్లా.
'ఇదిగో, ఇక్కణ్ణుంచి ఆ తెల్లరాయి దాకా.
వచ్చే వసంతం వరకే. ఏం వేస్తావు?'
ముక్కు తుడుచుకుని చాలాసేపు ఆలోచించాడు.
'బంగాళాదుంపలు. చిప్స్‌కి.'
'పేడ తోలాలి మరి.'
'ఎవరిది?'
'ఆవుది.' 'ఆవేది?'
ఆమె దగ్గర జవాబు లేదు. బస్సు హారన్ కొట్టింది.

సాయంత్రం నిప్పు మీద బూడిద కప్పి
రిజిస్టరు తెరిచింది.
చెక్కముక్కలు: ఐదు.
లోటుకి కారణం రాయవలసిన గడిలో
కలం కాసేపు ఆగి,
కౌలుదారు దగ్గర ఉంది, అని రాసింది.