రెండొందల లీటర్లు

పెదవాల్తేరులో మూడో అంతస్తు.
కిటికీ తీస్తే సముద్రం వినిపిస్తుంది, కనిపించదు.
మధ్యలో ఎవరిదో నల్లటి వాటర్ ట్యాంకు,
ఎవరివో ఆరేసిన లుంగీలు.

మొదటిసారి లాసన్స్ బే నుంచే తెచ్చాను
నాలుగు క్యాన్లు, ఆటోలో, కాళ్ల మధ్య పెట్టుకుని.
తెల్లారేసరికి నీటి మీద సన్నటి రంగుల పొర,
ఏ ఓడ కక్కిన నూనో.
రెండు చేపలూ పొట్టలు పైకి తిప్పేశాయి.

అప్పుడు ఉప్పు కొన్నాను.
బకెట్‌లో వచ్చే సముద్రపు పొడి,
లీటరుకి ముప్ఫై అయిదు గ్రాములు,
ఆవకాయకి కారం తూచే త్రాసు మీదే.
చేపల కొర్లమ్మ తట్ట దించకుండానే చూసి నవ్వింది:
"ఏటమ్మా, ఇంటెనకాల సంద్రముంటే
మళ్లీ సంద్రం వండుతన్నావేటి?"

వండటమే. కానీ పొయ్యి లేదు, తొందర పనికిరాదు.
రాళ్లు పేర్చి, ఇసక పరిచి, పంపు వేసి
నలభై రోజులు ఏమీ లేని నీళ్లకి కాపలా కాశాను.
పోర్టులో కాటా దగ్గర లారీలు తూచి వచ్చి
రాత్రి పరీక్ష గొట్టంలో చుక్కలు లెక్కపెట్టేదాన్ని.
ఆకుపచ్చ. మళ్లీ ఆకుపచ్చ.
"చేపలేవమ్మా?" అనేవారు ఇంటాయన కామేశం గారు,
ఆయన చూపు మాత్రం కింద స్లాబు మీద.
ఒక రాత్రి గొట్టం పసుపుపచ్చగా నిలబడింది.
ఎవరిని లేపి చెప్పాలో తెలియలేదు.

ఈ పనిలో నాకు అర్థమైంది ఒక్కటే.
మే నెల ఉక్కకి రోజూ రెండు చెంబుల నీళ్లు ఎగిరిపోతాయి.
వెళ్లేది నీరే. ఉప్పు ఎక్కడికీ వెళ్లదు,
మిగిలినదాంట్లో చిక్కబడి కూర్చుంటుంది.
అందుకే పోయినచోట పోయాల్సింది మంచినీళ్లు.
మా అమ్మతో మాట్లాడని ఆ ఏడాది
ఈ సంగతి తెలిసుంటే బాగుండేది.

తుఫాను రాత్రి పదకొండుకి కరెంటు పోయింది.
ఒంటిగంటకి ఇన్వర్టరు కూతపెట్టి ఊరుకుంది.
పంపు ఆగిన నీరు ఎంత నిశ్శబ్దమో!
జోకరు చేపలు పైకొచ్చి గాలి కోసం నోళ్లు తెరుస్తున్నాయి.
స్టీలు గ్లాసు తీసుకున్నాను.
ముంచడం, ఎత్తి పోయడం,
టీ బడ్డీలో తిరగబోసినట్టు, నురగొచ్చేదాకా.
ముంచడం, పోయడం.
బయట పెద్దది గోడలు కొడుతోంది
తన దగ్గరున్న గాలంతా వృథా చేస్తూ.
కుడి చెయ్యి, ఎడమ చెయ్యి.
మధ్యలో తిట్టాను కూడా, ఎవరినో గుర్తులేదు.

తొమ్మిదింటికి కరెంటు వచ్చింది.
చేపలు బతికాయి. తోలు పగడం ముడుచుకుపోయింది,
పిడికిలి బిగించిన పసిపిల్లలా.
ఎప్పుడు తెరుస్తుందో చెప్పదు.

నాలుగో రోజు కొర్లమ్మ వచ్చింది, ఖాళీ తట్టతో.
గాజుకి మొహం ఆనించి చాలాసేపు నిలబడింది.
"నీ సంద్రం బాగానే ఉంది" అంది.
"మరి నీదో?"
"నాదింకా మావోళ్లని దిగనివ్వనేదమ్మా."

టీ ఇచ్చాను. తాగి, ఆ గ్లాసునే పైకెత్తి చూసి
"దీంతోనేనా రాత్రంతా?" అంది.
గీతకి రెండు వేళ్లు కిందికి దిగింది నీరు.
మంచినీళ్ల చెంబు అందించింది తనే.