ఏడు

కొర్లగుంటలో జిరాక్సు షాపు పైన నా గది.
కింద మిషను ఒకే కాగితాన్ని వందసార్లు కంటూ ఉంటుంది,
పైన నేను
ఒకే ప్రశ్నని వందమందిని అడుగుతూ ఉంటాను.

చెంగల్రాయులు, కొండ బస్సు డ్రైవరు.
దిగే దారిలో ఒక మలుపు దగ్గర బ్రేకు పట్టలేదు.
బస్సును కొండకేసి రాసి, ఆనించి, ఆపాడు.
నలభై రెండు మంది. ఒక్కరికీ గీత పడలేదు.
అందరూ గోవిందా అన్నారు, డిపోలో శాలువా కప్పారు.
శాలువా కింద చేతుల వణుకు
ఎవరి ఫోటోలోనూ పడలేదు.

అతని ఫోనులో యాప్ వేసిచ్చింది నేనే.
"ఈరోజు మీ మనోస్థితి?" అంటుందది,
ఒకటి నుంచి పది దాకా.
"మనోస్థితంటే ఏంది మేడం?"
"మనసు ఎట్లుందని."
"అట్లనే అడగొచ్చు గదా, దానికేం రోగం?"
కాసేపాగి,
"ఇది డిపోలో ఎవురికీ పోదు గదా?"
పోదన్నాను.
ఆ రాత్రి షరతుల పేజీలు పద్నాలుగూ మళ్లీ చదివాను.

ఊపిరి పాఠం కూడా ఉంది అందులో.
నీలం గుండ్రం ఉబ్బుతుంది, తగ్గుతుంది,
ఏ ఊరిదీ కాని గొంతొకటి
"గాలిని లోనికి తీసుకోండి" అంటుంది.
వార్తలు చదివినట్టుంది మేడం, అన్నాడు.
చివరికి నా గొంతే రికార్డు చేసి పంపాను,
వెనక జిరాక్సు చప్పుడుతో సహా.

మూడు వారాలు.
రోజూ ఏడు.
తెర మీద గీత
రేణిగుంట పట్టాల్లాగా తిన్నగా పోతోంది.
కుదుటపడ్డాడని రాసుకోబోయాను,
అప్పుడు కనబడింది, అంకె పక్కన,
చీమ తలకాయంత అక్షరాల్లో టైము:
తెల్లవారుజాము మూడూ పన్నెండు.
మూడూ ఎనిమిది.
మూడూ ఇరవై.

"మూడు గంటలప్పుడు ఏం చేస్తా ఉంటావు?"
చాలాసేపు ఫ్యాను వంక చూశాడు.
"బ్రేకు తొక్కతా ఉంటా మేడం.
మంచంలో.
మా ఆడమనిషి దెబ్బలు తినలేక
చాప తీసుకోని వసారాలో పండుకుంటా ఉండాది."

"మరి ఏడని ఎందుకు పెట్టావు?"
"ఏడుకొండలోడి కూడు తింటా
అంతకన్నా తక్కవ ఎట్ల పెట్టేది?"

ట్యాబు అతని వైపు తిప్పి
గీత మీద వేలు జరుపుతూ పైకి చదివాను.
ఏడు. ఏడు. ఏడు.
మన మాటలో ఆ అంకెకి ఇంకో పని ఉందని
ఆ నిమిషాన నాకు గుర్తులేదు.
అతను విన్నాడు.
ఖాకీ మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని
విన్నాడు.
కింద మిషను ఎప్పుడు ఆగిందో,
కరెంటు ఎప్పుడొచ్చిందో.

మర్నాడు పొద్దున ఐదూ నలభైకి
నా ఫోను ఎర్రబడింది:
"శ్రద్ధ అవసరం. స్కోరు పడిపోయింది."
నాలుగు, అని పెట్టాడు.

దిగడానికీ పడడానికీ తేడా
దానికి తెలీదు.
నాకు తెలుసు అనుకుంటాను గానీ
నేనూ ఇంతకుముందు పొరబడ్డదాన్నే.
"చూశాను" అని నొక్కి ఊరుకోకుండా
ఫోను చేశాను.

వెనక గ్లాసుల గలగల, ఎవరో దగ్గు.
"టీ అంగడి కాడ ఉండా మేడం," అన్నాడు,
"వీడు చక్కెర మరీ ఎక్కువేసినాడు."