గాలి సోకాలి

జూలై మొదటి శనివారం, బల్లారట్.
గడ్డి మీద మంచు తెల్లగా పేరిన పెరట్లో
అట్టపెట్టె విప్పి నిలబెడితే
నాకంటే మూరన్నర పొడుగు.
నెత్తిన స్టీలు గొడుగు,
ఎండకీ కాదు, వానకీ కాదు,
వేడిని కిందికి వంచడానికట.

సర్వేశం దాన్ని గుడ్డపందిరి కిందికి ఈడ్చాడు.
"ఇక్కడైతే తడవదు" అన్నాడు.
పైన ఆ గుడ్డ, పక్కన ఎండిన ద్రాక్షతీగ,
తాడు మీద ఇంకా ఆరని నా మంగళగిరి చీర,
మూడూ మంటకి వరసైనవే.

కంచె మీంచి వెర్నా చూసింది.
ముప్పయ్యేళ్ళు గ్యాసు గొట్టాలు బిగించి
రిటైరైన చేతులు.
ఏమీ అనలేదు. టేపు తెచ్చింది.
పైకి కొలిచింది, పక్కకి కొలిచింది,
తల అడ్డంగా ఊపింది.

మళ్ళీ ఈడ్చాం,
ఆకాశం తప్ప ఏమీ లేని చోటికి,
ఒరగని రాతిపలకల మీదికి.
"ఎటు చూసినా మీటరు" అంది ఆవిడ.
రెండు మూరలూ బెత్తెడూ అనుకున్నాను నేను,
అనుకుని, ఇంకో మూర కలిపాను.

అడుగున ఇసుక పోశాం, గాలికి తూలకుండా.
సిలిండర్ని నిటారుగా కూర్చోబెట్టాం.
గిన్నెల సబ్బు నీళ్ళలో గిలకొట్టి
గొట్టం కీళ్ళకి రాసింది వెర్నా,
పసిపిల్లకి నలుగు పెట్టినట్టు.
ముగ్గురం వంగి చూశాం.
ఒక బుడగ.
దాని పక్కన ఇంకొకటి.
అగ్గిపుల్ల కన్నా ముందే
నిజం చెప్పేసే చిన్న కన్ను.
రెంచితో పావు తిప్పు. మళ్ళీ సబ్బు.
ఈసారి ఏదీ తెరుచుకోలేదు.

ఐదున్నరకే చీకటి. వెలిగించాం.
ఎర్రటి జాలి, సన్నటి హోరు.
ముందు వెచ్చన, వీపు చలి.
"సగం వేడి గాలికే పోతోంది,
గరాజులోకి తోసి షట్టరు దింపుకుంటే?"
అన్నాడు సర్వేశం చేతులు రుద్దుకుంటూ.

మా పిన్ని శేషమాంబ.
పురిటి గది.
కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి
మంచం కింద కుంపటి పెట్టారు.
తెల్లారి తలుపు తీస్తే
తల్లీ లేవలేదు, బిడ్డా లేవలేదు.
గాలి సోకిందన్నారు.
నలభై ఏళ్ళు మేమందరం అదే అన్నాం,
నేనూ అన్నాను.
సోకనిదే గాలి.

"వద్దు" అన్నాను.
నా గొంతుకి నేనే ఉలిక్కిపడ్డాను.
వెర్నా నా వైపు చూసింది.
ఆ మాట ఆవిడకి ఎలా చెప్పను,
గాలి సోకడమంటే ఏమిటో
ముందు ఏ ముక్కతో మొదలుపెట్టను?
లోపలికెళ్ళి మూడు శాలువాలు తెచ్చాను.

కుర్చీలు ఇంకాస్త వెనక్కి జరిపి
అల్లం టీ తాగాం.
వీపుకి చలి తగులుతూనే ఉంది.
తగలనీ.

వెళ్తూ వెళ్తూ వెర్నా
మూసిన సిలిండరు మరని ఓసారి తాకి చూసింది.
ఆవిడ కంచె దాటాక
నేనూ వెళ్ళి తాకి చూశాను.