గడ్డి మీద నడవరాదు

తొలి పంటుకే గౌతమి దాటాం.
పల్లాలమ్మత్త ఒళ్ళో పసుపు సంచి,
సంచిలో పాస్‌బుక్కు, శిస్తు రసీదులు,
దారిలో తినడానికి రెండు చక్కెరకేళీలు.
కాకినాడ చేరేసరికి
ఎండ కలెక్టరాఫీసు మెట్లెక్కేసింది
మాకంటే ముందు.

టోకెన్ నూట పదిహేడు.
ఇంత భవనం అత్త ఎప్పుడూ చూడలేదు.
స్తంభాన్ని అరచేత్తో తట్టింది
దూడ వీపు తట్టినట్టు.
"గోడ ఎంత మందమే! దీన్ని కొయ్యాలంటే
గోదారికి ఎన్నేళ్ళు పడుద్దో."

మా ఎకరం ముప్పై సెంట్లకి
మూడు వరదలు పట్టాయి.
మొదట కంద, తర్వాత అరటి.
చివరికి మిగిలిన బోరు గొట్టం
కొన్నాళ్ళు నీళ్ళ మధ్య నిలబడి
కొంగకి పీట అయింది.

లోపల కుర్రాఫీసరు మర్యాదగానే చెప్పాడు,
కంప్యూటర్ తెర మావైపు తిప్పి:
"చూడండమ్మా, మీ భూమి ఉంది కదా,
రెండొందల పద్నాలుగు బై రెండు.
ఉన్నదానికి నష్టం ఎలా రాయను?"
అత్త తెర మీదకి వంగింది.
ఆ చదరం పచ్చగా, పొడిగా ఉంది.
"ఇందులోకి ఎటునుంచి ఎల్లాలి బాబూ?"
అతను నవ్వబోయి మానేశాడు.
అర్జీ మీద ముద్ర మాత్రం గట్టిగానే పడింది.

బయట తోట. గుండ్రటి పచ్చిక,
చుట్టూ తాడు, నీలం బోర్డు:
గడ్డి మీద నడవరాదు.
తోటమాలి ఓ మూల కొత్త మట్టి పరుస్తున్నాడు.
అత్త నడక ఆగిపోయింది.
వంగి చిటికెడు తీసి, వాసన చూసి,
నాలిక కొసన పెట్టుకుంది.
"ఎక్కడిదయ్యా ఇది?"
"ఏటి ఒండ్రండి. రెండు లారీలు తోలించారు.
ఇదైతే గడ్డికి ఎరువక్కర్లేదంట, ఆయ్."

చెప్పులు విడిచింది.
తాడు దాటింది.
ఈల ఊదుకుంటూ వచ్చిన గార్డు
ఆమె నిలబడ్డ తీరు చూసి
ఏమనుకున్నాడో, ఈల జేబులో వేసుకున్నాడు.
అత్త ఇంకేమీ చెయ్యలేదు.
మట్టితో పాటు వచ్చినట్టుంది, ఒక తుంగ మొక్క
గడ్డిలో తల ఎత్తుతోంది.
అలవాటుకొద్దీ పీకి అవతల పడేసింది.

తిరుగు పంటులో చీకటి పడింది.
కాళ్ళకంటిన మట్టి ఎండి బీటలిచ్చింది.
"ఓసారి నీళ్ళల్లో ముంచెయ్యరాదా" అన్నాను.
"దానికి ఇచ్చింది చాల్లే" అంది,
మిగిలిన చక్కెరకేళి ఒలిచి
సగం నాకిస్తూ.