సన్న బెజ్జం

మొగిలి ఘాట్ దిగేసరికి ముందుచక్రం
కొలిమిలోంచి తీసిన కొడవలి వాసన.
బ్రేకు నేను పట్టలేదు.
అదే పట్టుకునింది.
వదల్లేదు.

బంగారుపాళెం దాకా తోసినా.
ఇరవై నాలుగేళ్ల సీబీజెడ్. డిస్కు పొగ కక్కతా ఉంటే
టీ అంగడాయన చెంబుడు నీళ్లు తెచ్చినాడు.
పోయొద్దన్నా, వంకర పోతుంది.
అరగంట చల్లారినాక
ఏమీ జరగనట్టు గిరగిరా తిరిగింది చక్రం.

నా పని కాటాలు.
మామిడి మండీల్లో, టమోటా మండీల్లో
బరువు దించినా సున్నాకు రాని కాటాల్ని
రప్పించేవాణ్ణి.
ఇదెంతలే అనుకున్నా.

రాత్రి గ్రీమ్స్‌పేటలో, వాకిట్లో గోనెపట్ట పరిచి
మాస్టర్ సిలిండర్ విప్పినా.
సర్‌క్లిప్ ఎగిరి కుళాయి గుంతలో పడింది.
పిస్టన్ వచ్చింది, స్ప్రింగు వచ్చింది,
వెనకాలే డికాషన్ రంగులో పాత ఆయిలు.
కొత్త కిట్టు తెచ్చి, శుభ్రం కదా అని
రబ్బరు కప్పుల్ని పెట్రోలుతో కడిగినా.
పొద్దునకి అవి నానిన శెనగలు.
లివరు రాయి.

రెండో కిట్టు.
ఈసారి బ్రేకాయిలుతోనే తడిపినా,
కప్పు అంచు ముందుకుండేట్టు పెట్టినా,
రాగి వాషర్లు మార్చినా.
పూతలపట్టు దాటేసరికి మళ్లీ అదే వాసన.
ట్యాంకు మీద పడిన ఒక్క చుక్క
రంగును పొక్కించి పోయింది,
నా పనితనానికి అదొక్కటే గుర్తు.

ఇంక చెంగల్రాయుడి షెడ్డే.
రెండేళ్లుగా ఆ సందులో
హెల్మెట్ అద్దం దించుకొని పోయేవాణ్ణి.
వాళ్ల మామ మండీ కాటా
బస్తాకి కేజీన్నర మింగుతా ఉండాదని
రైతుల ముందరే చెప్పింది నేను.
నిజమే చెప్పినా. చెప్పిన తీరు...
అది ఇప్పుడెందుకులే.

అతను నా మొహం చూడలేదు, చక్రం చూసినాడు.
లివరు పదిసార్లు కొట్టి, చేత్తో తిప్పితే కదల్లేదు.
పైన బ్యాంజో బోల్టు ఒక్క చుట్టు వదులు చేసినాడు.
ఆయిలు పిచికారీలా చిమ్మి,
ఉసూరుమని తిరిగింది చక్రం.
"కింద ఏమీ లేదు. రోగం పైనే ఉండాది."
ఆ మాట బండికే చెప్పినాడు.

మూత తీసి లోపలికి టార్చి కొట్టి
"బెజ్జాలెన్ని?"
"ఒకటి."
"రెండు."
పెద్దదాని పక్కన తెల్లగా
పాకం గడ్డకట్టినట్టు ఒక మచ్చ.
దాని కిందుంది రెండోది, చీమ కన్నంత.
లివరు పట్టినప్పుడు పోయిన ఆయిలు
తిరిగి ఇంటికొచ్చే తోవ.

తెగిన యాక్సిలేటర్ కేబుల్లోంచి
ఒక్క పోగు పీకి
ఊపిరి బిగబట్టి పొడిచినాడు.
ఆయిలు పోసి, లివరు గోరంత లాగితే
పైన చిన్న ఊట లేచింది,
ఏటి ఇసకలో చెలమ తీస్తే లేచేటట్టు.
ఇద్దరమూ వంగి చూసినాము.
తలలు తగిలినాయి.

తర్వాత గాలి తీయడం.
ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.
నేను పైన, అతను కింద నిపుల్ కాడ.
"పట్టు."
పట్టినా.
"వదలొద్దు."
పైపులో బుడగలు.
"ఇప్పుడు వదులు."
నలభై సార్లు.
రెండేళ్ల మాటలన్నీ ఆ మూడింట్లోనే.
ఒకసారి అతను బిగించకముందే నేను వదిలేస్తే
గాలి మళ్లీ లోపలికి పోయింది.
తిట్టినాడు.
ఆ తిట్టు మాత్రం బండిని కాదు, నన్నే.

"ఎంతివ్వాల?"
సబ్బుపొడితో మోచేతుల దాకా రుద్దుకుంటా
అటువైపు తిరిగి అన్నాడు:
"మా మామ కాటా,
బస్తా దించినా నాలుగొందల గ్రాముల కాడే
నిలబడతా ఉండాదంట.
ఎప్పుడొస్తావు, దొరవేలూ?"

ఆదివారమన్నా.
ఇంటికి పోతా ప్రతి స్పీడ్ బ్రేకరు కాడా ఆగి
డిస్కు పక్కన చెయ్యి పెట్టి చూసినా.
గోరువెచ్చగా ఉండాది.
అంతే.